వానలు పడినాక కప్పిన శాలువా

మా అమ్మ సర్పంచిగా గెలిచిన రోజు పూలదండ మా నాయన మెడలో పడింది. తెచ్చినవాళ్ళకు అది తప్పుగా తోచలేదు. వేయించుకున్న నాయనకూ తోచలేదు. అమ్మ ఆయన వెనకాల వసారా స్తంభానికి ఆనుకుని నవ్వుతూ నిలబడి ఉంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. గెలిచిందెవరు, దండ ఎవరికి అని అందరిముందూ అడిగేశాను. నాయన మొహం చిన్నబోయింది. చటుక్కున దండ తీసి అమ్మ చేతిలో పెట్టాడు. అమ్మ ఏమీ అనకుండా దాన్ని పట్టుకుపోయి కొట్టంలో పాడి ఆవు మెడలో వేసింది. ఆవు దాన్ని సగం తినేసింది. మా అమ్మకు కోపమొస్తే మాట బయటికి రాదు, పని బయటికొస్తుంది. ఆ సంగతి మండలాఫీసు వాళ్ళకు తెలియడానికి ఇంకా కొంతకాలం పట్టింది.

అది తొంభైల నడిమి మాట. సర్పంచి పదవుల్లో ఆడవాళ్ళకు వాటా పెట్టిన కొత్త. మా ఊరు ఆ వాటాలో పడేసరికి, నాయనను నిలబెడదామనుకున్న పెద్దమనుషులు అమ్మను నిలబెట్టారు. పేరు ఆమెది, పెత్తనం ఆయనది అని అందరూ లోలోపల అనుకున్నదే. అమ్మ కూడా కాదనలేదు. కానీ ఓట్లకోసం ఇల్లిల్లూ తిరిగినప్పుడు ఆమె ఒకే ఒక్క మాట ఇచ్చింది, మన ఊరికి బస్సు తెప్పిస్తానని. ఆ మాట ఇమ్మని నాయన చెప్పలేదు, పెద్దమనుషులు అసలే చెప్పలేదు.

మా ఊరు పుంగనూరుకు అవతల, తారు రోడ్డు దిగి మూడు మైళ్ళు లోపలికి పోవాలి. అంతా మన్ను దారి. ఎండాకాలం కాలు పెడితే చీలమండ దాకా దుమ్ము, వానాకాలం మోకాళ్ళ దాకా ఎర్రబురద. నడుమ ఒక వంక. అది పారితే అవతలివాళ్ళు అవతలే, ఇవతలివాళ్ళు ఇవతలే. టమోటాలు మదనపల్లె మార్కెట్టుకు పోవాలంటే ట్రాక్టరు ఆ గుంతల్లో ఎగిరెగిరి పడి, కింది గంపల్లో కాయలు రసమై కారిపోయేవి. మగపిల్లలు సైకిళ్ళను భుజాన వేసుకుని వంక దాటి పుంగనూరు హైస్కూలుకు పోయేవాళ్ళు. ఆడపిల్లలను ఆ దారిన ఎవరూ పంపేవాళ్ళు కాదు. మా ఊరి బడిలో చదువు ఏడో తరగతితో సరి. ఆపైన ఆడపిల్ల చదువు మానాలి, లేదంటే ఇల్లు విడవాలి.

నేను ఇల్లు విడిచాను. మదనపల్లెలో మా చిన్నమ్మ ఇంట్లో ఉండి ఎనిమిదో తరగతిలో చేరాను. చిన్నమ్మ మంచిదే, కడుపునిండా పెట్టేది. అయినా ఇంకొంచెం మజ్జిగ పొయ్యమని నోరు తెరిచి అడగడానికి నాకు ఏడాది పట్టింది. ఇంటికి రావడం పండగలకూ సెలవులకే. తిరిగి పోయేటప్పుడు నన్ను బస్సెక్కించడానికి అమ్మ తారు రోడ్డు దాకా నడిచివచ్చేది. బస్సు కదిలాక వెనక అద్దంలోంచి చూస్తే, ఆ మన్ను దారిలో ఒక్కతే వెనక్కి నడిచిపోతూ కనిపించేది.

నన్ను అలా పంపినాక అమ్మ ఒక పంతం పట్టింది. చెల్లెలిని ఎక్కడికీ పంపేది లేదు, అది తన కళ్ళముందు ఇంట్లో ఉండే హైస్కూలు చదవాలి. నాయనది ఇంకొక పంతం. బస్సు వస్తే చదువు, రాకపోతే ఏడుతో చాలు, ఇంకొక బిడ్డను పరాయి ఇంటికి పంపి నేనుండలేను అనేవాడు. చూడబోతే ఇద్దరిదీ ఒకటే ప్రేమ, కానీ నడుమన నలిగేది చెల్లెలి చదువు. అమ్మ గెలిచేటప్పటికి అది నాలుగో తరగతిలో ఉంది. పలక పట్టుకుని ఊరంతా తిరిగే ఆ పిల్లకు ఈ లెక్కలేవీ తెలియవు.

మొదట్లో మండల సమావేశాలకు నాయన కూడా పోయేవాడు. ఆయనకు కుర్చీ వేసేవారు, అమ్మ గోడవారన నిలబడేది. ఒకసారి, నాయనకు వేసిన కుర్చీలో అమ్మే ముందుగా పోయి కూర్చునేసింది. నాయన కాసేపు అటూ ఇటూ చూసి, టీ తాగొస్తానని బయటికి పోయాడు. ఆ తర్వాత నుంచి తారు రోడ్డు దాకా వచ్చి ఆమెను బస్సెక్కించి చేనికి పోయేవాడు. మా నాయన చెడ్డవాడు కాదు, ఒకరు కూర్చుంటే పక్కకు జరిగి చోటిచ్చే మనిషే. ముందు ఎవరో ఒకరు కూర్చోవాలి, అంతే.

అమ్మ చదివింది అయిదో తరగతి. కానీ సమావేశంలో లేచిందంటే, ఏ విషయం మీద చర్చ నడుస్తున్నా దాన్ని తోలుకొచ్చి మా ఊరి రోడ్డుకు కట్టేసేది. పశువుల ఆస్పత్రి మాట వస్తే, డాక్టరు మా ఊరికి రావడానికి దారేదీ అనేది. రేషను మాట వస్తే, బియ్యం బండి వంకలో ఇరుక్కున్న కథ చెప్పేది. చివరికి ఆమె లేస్తేనే మండలాధ్యక్షుడు నవ్వి, రోడ్డే కదమ్మా, గుర్తుంది, కూర్చో అనేవాడట. ఆయన అలా అన్న రోజు అమ్మ ఇంటికి వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా పెరడంతా ఊడ్చేది.

దానికి తోడు మా మామ ఒకడు. అమ్మ పుట్టిల్లు కుప్పం దగ్గర పల్లె. మాటలో సగం తమిళం కలిసిన ఊరు. వాళ్ళ ఊరికి అప్పటికే తారు పడింది. మామ స్కూటరు మీద వచ్చి, వంకకు అవతల దాన్ని ఆపేసి, ప్యాంటు పైకి మడిచి బురదకాళ్ళతో ఇంట్లోకి వచ్చేవాడు. ఈ బురదకాళ్ళు సూసి, సర్పంచమ్మ ఊరికి పోయొచ్చినానంటే మా ఊర్లో ఎవురూ నమ్మరక్కా అని వేళాకోళం చేసేవాడు. అందరం నవ్వేవాళ్ళం. అమ్మ కూడా నవ్వేది, కానీ ఆ పూట చారులో ఉప్పు ఎక్కువయ్యేది.

చెల్లెలు ఆరో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలంలో పంచాయతీ కార్యదర్శి కబురు తెచ్చాడు. జిల్లా పరిషత్తు వాళ్ళు పల్లె రోడ్లను బాగుచేయడానికి పథకం వేస్తున్నారట. ఏ రోడ్డు ఎలా ఉందో చూసి రాసుకోవడానికి ఇంజనీరు ఊరూరికీ వస్తున్నాడట. వచ్చే వారమే మా ఊరి వంతు. ఆ మాట విని ఊరు ఊరంతా లేచి కూర్చుంది.

ఇక్కడ మా ఊరి వాడుక ఒకటి చెప్పాలి. ఏటా గంగమ్మ జాతరకు ముందు, ఎవరి చేని పక్క దారిని వాళ్ళు సర్దాలి. గుట్ట కింద నుంచి గరుసు మన్ను తెచ్చి గుంతలు పూడ్చి, నీళ్ళు చల్లి దిమ్మిసతో కొట్టాలి. జాతరకు చుట్టాలొస్తారు, వాళ్ళ బండి మన చేని పక్కన కూలబడిందంటే ఏడాదంతా తల ఎత్తుకోలేం. చుట్టాలకే అంత చేసే ఊరు, జిల్లా నుంచి ఇంజనీరు వస్తున్నాడంటే ఊరుకుంటుందా? అల్లుడొస్తున్నాడని గోడలకు సున్నం కొట్టినట్టు దారికి సింగారం మొదలుపెట్టారు. ముందు తట్ట ఎత్తుకున్నది మా అమ్మే.

నేను సెలవులకు వచ్చేసరికి పని జోరుగా నడుస్తోంది. నాకూ ఒక తట్ట ఇచ్చారు. మా వీధి పెదనాయన ఒకాయన ఉండేవాడు. చుట్టరికం లేకపోయినా ఊరందరికీ పెదనాయనే. దారి పనిలో ఆయన మాటే చెల్లుబాటు. ఆ వయసులో కూడా దిమ్మిస పట్టుకుని, గుంత పూడ్చిన చోట ఒంటికాలి మీద నిలబడి ఎగిరి చూసి, అణగలేదు, ఇంకో నాలుగు దెబ్బలు వేయండి అనేవాడు. వంకలోకి దిగే చోట బండలు పరిచారు. ఊరి మొదట్లో ఆడవాళ్ళు కల్లాపు చల్లి రథం ముగ్గు వేశారు. అంత సంతోషంగా అందరం కలిసి పనిచేయడం నేను మళ్ళీ చూడలేదు. మన్ను మోసి మోసి తల మీద చుట్టకుదురు ముద్ర పడిపోయింది. ఇంత చేస్తున్నామే, ఎందుకు చేస్తున్నాం అని ఒక్కరికీ తోచలేదు. డిగ్రీ చదివే నాకూ తోచలేదు.

ఇంజనీరు కుర్రవాడే. కొత్తగా ఉద్యోగంలో చేరినట్టున్నాడు. జీపు తారు రోడ్డు దగ్గర మలుపు తిరిగి, ఎక్కడా ఆగకుండా, ఒక్క కుదుపు లేకుండా ముగ్గు దాకా వచ్చింది. ఆ సమయంలో వంకలో చుక్క నీళ్ళు లేవు. బడి వసారాలో చాప వేసి, నాటుకోడి పులుసూ రాగి సంగటీ పెట్టాం. ఆయన చెయ్యి కడుక్కుంటూ, ఇంత బాగా చూసుకునే దారి ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదన్నాడు. ఎవరు చేయించారని అడిగాడు. మా సర్పంచమ్మ అని ఊరంతా ఒక్క గొంతుతో చెప్పింది. అమ్మ కొంగు సర్దుకుంది. సంతోషం పట్టలేనప్పుడు ఆమె కొంగు నిలవదు.

కొన్నాళ్ళకు కార్యదర్శి మళ్ళీ వచ్చాడు, ఈసారి నవ్వుకుంటూ. ప్రభుత్వం చేస్తుందని కాచుకుని కూర్చోకుండా శ్రమదానంతో రోడ్డును బాగుచేయించిన ఉత్తమ సర్పంచి అని అమ్మను మండల పరిషత్తు ఎన్నుకుందట. సర్వసభ్య సమావేశంలో శాలువా కప్పి సన్మానం చేస్తారట. ఎవరో పలకలు తెచ్చి వాయించడం మొదలుపెట్టారు. నాయన ఊరందరికీ టీ పెట్టించమన్నాడు. ఆ సందడిలో అమ్మ, మరి రోడ్డు సంగతేమని అడిగింది. అది కూడా మెచ్చుకోలు అన్నట్టే చెప్పాడాయన. మన రోడ్డు బాగుండాదని రాసుకున్నారు కదమ్మా, ఈ తడవ పథకం బాగలేని రోడ్లకే అన్నాడు.

పలకలు ఒకటొకటే ఆగిపోయాయి. అమ్మ లోపలికి పోయి వేరుశనక్కాయల మూట ముందేసుకుని ఒలవడం మొదలుపెట్టింది. మూట అడుగు కనిపించేదాకా లేవలేదు. మన నోట్లో మనమే మన్ను కొట్టుకున్నామా అని పెదనాయన అరుగు మీద కూలబడ్డాడు. ఆయన దిమ్మిసతో వేసిన ఒక్కో దెబ్బా ఆయనకు గుర్తొచ్చి ఉంటుంది.

ఆ తర్వాత వారమంతా అరుగుల మీద అదే వాదన. పోయి నిజం చెప్పేద్దామని కొందరు. ఏమని చెప్తాం, ఇంటికొచ్చిన మనిషికి సంగటి పెట్టి దొంగ దారి చూపించినామనా, ఊరి మానం ఏం కావాల అని ఇంకొందరు. సన్మానం వద్దంటే పొగరనుకుంటారని భయం. నాయన మాత్రం శాలువా తీసుకో, రోడ్డు ఇంకో తడవ చూసుకుందాం అన్నాడు. అమ్మ తల ఎత్తి పెరట్లో ఆడుకుంటున్న చెల్లెలి వైపు చూసింది. ఆ ఇంకో తడవ వచ్చేటప్పటికి ఆ పిల్ల బడి మాని పొయ్యి దగ్గర ఉంటుంది. అది నాయనకూ తెలుసు. అందుకే మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

సన్మానం రోజు ఊరు రెండు ట్రాక్టర్లలో కదిలింది. నేను మదనపల్లె నుంచి నేరుగా వచ్చాను. అమ్మ తన పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుంది. సభలో అన్ని ఊళ్ళ సర్పంచులూ ఉన్నారు. వాళ్ళలో ఎందరి పక్కన మొగుళ్ళు కూర్చున్నారో నేను చూశాను. మా నాయన మాత్రం అందరికంటే వెనక, గోడవారన నిలబడి ఉన్నాడు. నాకు ఆ క్షణంలో అమ్మ మీద ఎంత గర్వం వేసిందో నాయన మీదా అంతే వేసింది.

పేరు పిలిచారు. అధ్యక్షుడు శాలువా మడత విప్పాడు. అమ్మ ఒక్క అడుగు వెనక్కి వేసి రెండు చేతులూ జోడించింది. మైకు ఆమె మాటను పట్టుకుంది.

"సారూ, ఈ శాలువా నా ఒక్కదానిది కాదు. మా ఊరంతా మన్ను మోసినారు. ఈడ వద్దు, మా ఊరికొచ్చి అందరి ముందర కప్పండి. వానలు పడినాక రాండి సారూ. అప్పుడు చేన్లు పచ్చగా ఉంటాయి, సూడ్డానికి బాగుంటాది."

సభ అంతా చప్పట్లు. అధ్యక్షుడికి ఆ వినయం బాగా నచ్చింది. తప్పకుండా వస్తామని మైకులోనే మాట ఇచ్చాడు. ఒక ఆడమనిషి చేతులు జోడించి, పదిమందిలో ఇంటికి రమ్మంటే కాదనే పద్ధతి మా వైపు లేదు. నాకు మాత్రం మళ్ళీ ఒళ్ళు మండింది. చేతికి మైకు అందినప్పుడు రోడ్డు అడగకుండా పచ్చని చేలు చూడ్డానికి పిలుస్తుందా అని ట్రాక్టరు మీద ఆమె వైపు చూడకుండా కూర్చున్నాను. సగం దారిలో పెదనాయన తొడ మీద ఒక్క చరుపు చరిచి పకపకా నవ్వడం మొదలుపెట్టాడు. వానలు పడినాక, వానలు పడినాక అని తనలో తనే అనుకుంటూ, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు ఒక్కొక్కరికీ వెలిగింది. నాకు చివరికి వెలిగింది. అమ్మ మాత్రం ఏమీ ఎరగనట్టు పట్టుచీర అంచుకు అంటిన దుమ్ము దులుపుకుంటోంది.

ఆ రోజు నుంచి అమ్మ ఊరికి పెట్టిన ఆన ఒకటే. ఎవరూ దారి మీద తట్టెడు మన్ను వేయకూడదు. ఆన పెట్టడం సులువే, నిలబెట్టడం మహా కష్టమైంది. మా ఊరివాళ్ళకు గుంత కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. మొదటి వానకే వంక దగ్గరి బండలు కదిలిపోయాయి. రెండో వానకు పూడ్చిన గరుసంతా కొట్టుకుపోయి గుంతలు నోళ్ళు తెరిచాయి. ఒక తెల్లవారుజామున అమ్మ చేనికి పోతుంటే, పెదనాయన తన చేని పక్కన ఒక గుంతలో గుప్పెళ్ళతో మన్ను పోస్తూ దొరికిపోయాడు. సూడలేకున్నానమ్మా, నా చేని పక్కన ఇట్లాంటి గుంత ఎప్పుడూ లేదు అన్నాడట, దొంగతనం చేసినవాడిలా. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని లేపి ఇంటిదాకా తీసుకొచ్చింది. రాత్రుళ్ళు ఎవరైనా పడతారని ఆమెకూ భయమే. గుంతల అంచుల వెంట సున్నం కొట్టిన రాళ్ళు పెట్టించింది. ముగ్గైనా వేసుకోనీ అని ఆడవాళ్ళు పట్టుబడితే, ఊరి లోపల వేసుకోండి, దారి మీద వద్దంది.

దసరా దాటాక, వాన పట్టి ఉన్న ఒక పగలు వాళ్ళు వచ్చారు. ముందు రోజు రాత్రంతా కురిసి, అప్పుడే తెరిపి ఇచ్చింది. దసరా సెలవులు ఇంకా అయిపోలేదు కాబట్టి నేనూ ఊర్లో ఉన్నాను. జీపులో అధ్యక్షుడు, మండలాధికారి, ఆ కుర్ర ఇంజనీరు. మలుపు తిరిగిన కాసేపటికే చక్రాలు గిరగిరా తిరిగి బురద చిమ్మడం ఊర్లోకి వినిపించింది. వంకకు అవతలే జీపు ఒక పక్కకు ఒరిగి నిలబడిపోయింది. ఎవరూ నవ్వకూడదని అమ్మ ముందే చెప్పి ఉంది. మగవాళ్ళు తాళ్ళు తీసుకుని పరుగెత్తారు. అయినా జీపు కదల్లేదు. చివరికి ముగ్గురూ దిగి, పంచెలూ ప్యాంట్లూ ఎగ్గట్టి, పెదనాయన భుజం ఆసరాతో వంక దాటి నడిచి వచ్చారు. అధ్యక్షుడు భారీ మనిషి. రెండు చోట్ల కూలబడి లేచాడు.

అమ్మ వంక ఒడ్డు దాకా ఎదురుపోయింది. బిందెలో నీళ్ళు తెచ్చి ముగ్గురికీ కాళ్ళకు పోసింది. అందులో ఎకసక్కెం ఏమాత్రం లేదు, ఇంటికొచ్చినవాళ్ళకు కాళ్ళకు నీళ్ళిచ్చినట్టే ఇచ్చింది. ఇంజనీరు కాళ్ళు కడుక్కోవడం మరిచి వెనక్కి తిరిగి దారినే చూస్తున్నాడు. ఎండాకాలంలో నేను వచ్చిన దారి ఇదేనా అమ్మా అని అడిగాడు. 

"ఇదే సారూ. ఆ పొద్దు మీరొస్తాండారని సింగారించి సూపిచ్చినాం. ఈ పొద్దు ఎట్టుండాదో అట్టే సూపిస్తాండాం. మా బిడ్డలు బడికి పొయ్యేది ఈ దారినే" అంది అమ్మ.

కుర్రవాడి మొహం ఎర్రబడింది. అధ్యక్షుడు పంచె అంచు నుంచి బురద పిండుకుంటూ అమ్మ వైపు అలాగే చూశాడు. తర్వాత ఆయన నవ్విన నవ్వు ఊరి అవతలి చివరికి వినిపించి ఉంటుంది. పచ్చని చేలు బాగా చూపించావమ్మా అన్నాడు. బడి వసారాలో శాలువా కప్పేటప్పుడు మాత్రం ఆయన నవ్వలేదు. సమావేశాల్లో ఈమె లేస్తే కూర్చో అన్నాను, ఇకమీదట ఈమె లేస్తే నేను వింటాను అని ఊరందరి ముందూ చెప్పాడు. శాలువా భుజాన ఉండగానే అమ్మ చెల్లెలిని చెయ్యి పట్టి ముందుకు తెచ్చింది. ఇది ఏడో తరగతి, జూన్‌లో పుంగనూరు హైస్కూలుకు పోవాలి, ఇంటికాడ నుంచే పోవాలి అంది. చెల్లెలు సిగ్గుపడి అమ్మ కొంగు చాటుకు పోయింది. ఇంజనీరు అప్పటికే మా ఊరి కుర్రాడి చేత టేపు పట్టించుకుని మళ్ళీ చినుకుల్లోకి దిగాడు.

ఆ తర్వాత అధ్యక్షుడికి మా రోడ్డు సొంత పంతమైపోయింది. తాను పడిన చోటు కాబట్టి పట్టింపు ఉండదా మరి. జిల్లా పరిషత్తు సమావేశంలో తాను వంకలో కూలబడిన కథ తనే చెప్పి అందరినీ నవ్వించి, పథకంలో మా రోడ్డును పైకి తెచ్చాడని విన్నాం. వంక మీద కల్వర్టుతో సహా మంజూరైంది. చిక్కల్లా మలుపు దగ్గర వచ్చింది. బస్సు తిరగాలంటే అక్కడ దారి వెడల్పు చాలదు, ఎవరో ఒకరు చేను వదలాలి. ఆ మలుపులో ఉన్నది మా టమోటా చేనే. నాయన ఒక రోజు సాయంత్రం దాకా ఆ గట్టు మీద కూర్చుని, ఇంటికొచ్చి ఎవరితోనూ చెప్పకుండా గడ్డపార తీసుకుపోయి కంచె తనే పీకేశాడు. మా ఇంట్లో కోపానికే కాదు, ప్రేమకు కూడా మాటలు తక్కువ.

సంక్రాంతి తర్వాత కంకర పడింది, ఎండలు ముదిరాక తారు పడింది. రోలరు నడిచినన్నాళ్ళూ పెదనాయన దాని వెనకే నడిచాడు. తన దిమ్మిసకు ఇంత పెద్ద తమ్ముడు పుట్టాడని అందరికీ చెప్పుకున్నాడు.

చాలా ఏళ్ళకు, రెండువేల పది దాటాక, నేను కుప్పంలో ఉద్యోగం చేసేటప్పుడు ఒక సమావేశంలో రోడ్ల పనులు చూసే పెద్ద అధికారి మాట్లాడుతున్నాడు. కొత్తగా చేరిన ఇంజనీర్లకు ఒకటే చెప్పాడు. ఏ ఊరి రోడ్డైనా వాన పడినాక పోయి చూడండి, చెప్పకుండా పోయి చూడండి, తనకు ఈ సంగతి ఒక సర్పంచమ్మ నేర్పింది అన్నాడు. మొహం నిండుగా అయింది, జుట్టు పలచబడింది, గొంతు మాత్రం అదే. ఆ సర్పంచమ్మ మా అమ్మ అని లేచి అరవాలనిపించింది. పక్కనున్నావిడ, ఎందుకు మీరు ఊరికే నవ్వుకుంటున్నారని అడిగింది. అప్పుడు చెప్పాను. ఆ మధ్యాహ్నమంతా ఆఫీసులో అందరికీ అదే కథ చెప్పాను, అడగనివాళ్ళకు కూడా.

ఇక బస్సు సంగతి. బడులు తెరిచిన వారంలోనే వచ్చింది. ముందు అద్దానికి పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల ముందు టెంకాయ కొట్టారు. సర్పంచమ్మే మొదట ఎక్కాలని అందరూ పట్టుబట్టారు. చేనిలో పని ఉందని అమ్మ ఎక్కనంది. చెల్లెలు కొత్త పావడా కట్టుకుని, నూనె పెట్టి బిగించిన జడలతో ముందు సీట్లో కూర్చుంది. దాని వెనక మా ఊరి ఆడపిల్లలు ఇంకొందరు. నేనూ సెలవులు ముగించుకుని మదనపల్లెకు పోవాలి కాబట్టి, పుంగనూరు దాకా అదే బస్సులో చెల్లెలి పక్కన కూర్చున్నాను.

అమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది. నాతో ఎప్పుడూ చెప్పేవే చెప్పింది. చిన్నమ్మను అడిగినానని చెప్పు, వేళకు తిను, దసరా సెలవులకు రా. అన్నేళ్ళూ నేను విన్నవి అవే. తర్వాత చెల్లెలి వైపు తిరిగింది. ఏదో చెప్పబోయి ఆగింది. ఆ మాట ఆమె నోటికి అలవాటు లేదు.

"సాయంత్రం వచ్చేయ్ బిడ్డా. సంగటి వేడిగా పెడతా" అంది.

చెల్లెలు సరేనని తలూపి, వెనక సీట్లో పిల్లల వైపు తిరిగిపోయింది. దానికి అది మామూలు మాట. నేను మొహం అవతలికి తిప్పుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ అది చెల్లెలి మీద కుళ్ళు కాదు. నాకు చెప్పలేకపోయిన ఆ ఒక్క మాట చెప్పుకోవడానికి మా అమ్మ ఒక రోడ్డు వేయించుకుంది.